విరుగుడు

మెట్ల దగ్గర అద్దం భళ్ళున పగిలింది. లైబ్రరీ తలుపు నాగదుర్గ మూయబోతుంటే ఆ సందులోంచి డాక్టర్ ప్రణవ్ లోపలికి వచ్చి పడ్డాడు. కనుబొమ చీలి రక్తం చెంప మీదుగా కారుతోంది. తెల్లకోటు చెయ్యి ఒకటి చిరిగి వేలాడుతోంది.

“గడియ పెట్టండి మేడం. చంపేస్తారు.”

“ఎవరండీ?”

“ఐసీయూలో పాప పోయింది. ఎలుకలమందు మింగిన పాప. ఆ పాప తాలూకు వాళ్ళు.”

ఆ పాప సంగతి నాగదుర్గకు తెలుసు. పొద్దున ప్రణవ్ వార్డు నుంచి పంపిన ప్రశ్న ఆ పాప గురించే. ఇదివరకు లైబ్రేరియన్ అంటే బీరువాల దుమ్ము దులిపి, పుస్తకం తిరిగి ఇవ్వని వాళ్ళని కసిరే మనిషి. ఇప్పుడు ఆ మెడికల్ కాలేజీలో పుస్తకం ముట్టుకునే నాథుడు లేడు. డాక్టర్లు రోగి పక్కన నిలబడి ఫోన్లో ప్రశ్న పంపుతారు. ఆమె ఎక్కడెక్కడి వైద్య పత్రికల్లో వెతికి జవాబు పంపుతుంది. పెడనలో మగ్గం ఇంట పుట్టిన పిల్లకి డాక్టర్లంతా “మీరే చెప్పాలి మేడం” అనడం తక్కువ సంగతి కాదు. ఆ మాట వింటే ఆమెకు కడుపు నిండేది.

“విరుగుడు ఇంజక్షన్ మీరు పంపిన డోసే ఇచ్చానండి. మందు ఎక్కుతుండగానే ఫిట్స్ వచ్చేశాయి. ఎక్కడ పొరపాటు జరిగిందో తెలీట్లేదు.”

“అదంతా తర్వాత. ముందు దాక్కోండి.”

పాత జర్నళ్ళ గదిలోకి ఆయన్ని నెట్టింది. అన్నీ కంప్యూటర్లోకి వచ్చేశాక ఆ గది మొహం చూసినవాళ్ళు లేరు. బైండు చేసిన సంపుటాల వెనక కూర్చోబెట్టి, తలుపుకి అడ్డంగా బీరువా లాగింది. నేల మీద పడిన రక్తం చెప్పుతో రాసేస్తుండగానే లైబ్రరీ గడియ ఊడి ఎగిరిపడింది.

ముందు పాప తండ్రి సాయిగణేష్ వచ్చాడు. ఆటోనగర్లో లారీలు బాగుచేసే మనిషి, చేతిలో జాకీ రాడ్డు ఉంది. అతని వెనక షెడ్డు పనివాళ్ళు, బంధువులు. ఏడ్చి ఏడ్చి అతని కళ్ళు వాచిపోయి ఉన్నాయి. చూస్తే భయం కన్నా ముందు జాలేసింది నాగదుర్గకు.

“వాడేడి?”

“ఇక్కడికెవరూ రాలేదండీ.”

రాడ్డు కంప్యూటర్ మీద పడింది. ఆ పక్కదాని మీద, ఆ పైన అద్దాల బీరువా మీద. ఎవడో వెనకనుంచి ఆమె జుట్టు పట్టి మొహాన్ని బల్లకేసి కొట్టాడు. నోట్లో పన్ను విరిగింది.

“చెప్తావా, చస్తావా?”

“చంపండి. ఎవరూ రాలేదు.”

మళ్ళీ కొట్టారు. ఆమె మళ్ళీ అదే మాట చెప్పింది. చివరికి సాయిగణేషే “పైన చూద్దాం రండి” అన్నాడు. బూతులు తిట్టుకుంటూ అందరూ పై అంతస్తుకి పరిగెత్తారు.

ఆమె రక్తం ఉమ్మి పోలీసులకి ఫోన్ చేసింది. జీపు బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఉందన్నారు. బీరువా జరిపి లోపలికి వెళ్ళేసరికి ప్రణవ్ ఏడుస్తున్నాడు.

“నా కోసం ఇన్ని దెబ్బలు తిన్నారు. బతికినంత కాలం మరిచిపోను మేడం.”

“ఊరుకోండి.”

“ఒక్కసారి ఆ డోసు రాసిన పేపర్ తీస్తారా? నేనేం తప్పు చేశానో తెలుసుకోవాలి.”

ఆమె తన ఫోన్లో ఆ పరిశోధన వ్యాసం తెరిచింది. తెరవడం అదే మొదటిసారి. ఒకప్పుడు జవాబు పంపే ముందు పట్టికల దాకా అక్షరం వదలకుండా చదివేది. ఈమధ్య కాలేజీ కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నది. అదే చదివేసి, సారాంశం రెండు ముక్కల్లో చెప్పేస్తుంది. ప్రశ్నలు కుప్పలుగా వస్తున్నాయని పొద్దున ఆమె ఆ రెండు ముక్కలే ప్రణవ్‌కి తోసేసింది.

పట్టికలో పిల్లల డోసు వేరుగా ఉంది. ఆమె పంపింది పెద్దవాళ్ళది.

“ఉందా మేడం?”

“మీ తప్పేం లేదు డాక్టరుగారూ,” అంది. “నేను చదవకుండా పంపాను. పాప నా వల్లే పోయింది.”

ప్రణవ్ మెల్లగా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “నేనూ సరిచూసుకోవాల్సింది. ఇప్పుడేం అనకండి. పోలీసులొచ్చాక ఇద్దరం కలిసి చెబుదాం.”

పై నుంచి కేకలు. సెక్యూరిటీ గార్డు అంతోని గొంతు అది. “నాకు తెలీదు బాబూ, నేను చూళ్ళేదు” అని మొత్తుకుంటున్నాడు.

“నిజం చెప్పకపోతే అతన్ని చంపేసేలా ఉన్నారు,” అంటూ లేచింది నాగదుర్గ.

“వెళ్ళొద్దండీ. మిమ్మల్ని బతకనివ్వరు.”

“ఆ తండ్రికి నేనే చెప్పాలి. లేకపోతే నాకు అన్నం సహించదు.”

మెట్లెక్కింది. వరండాలో అంతోని బోర్లా పడి ఉన్నాడు. సాయిగణేష్ రాడ్డు ఎత్తి అతని మోకాలి మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు స్పష్టంగా వినపడింది.

“సాయిగణేష్ గారూ, ఆపండి. మీ పాప సంగతి నేను చెప్తాను.”

అతను తిరిగాడు. దగ్గరికొచ్చి రాడ్డు కొస ఆమె గడ్డం కింద ఆనించాడు. గ్రీజు వాసన, పచ్చి నెత్తురు వాసన కలిసి కొట్టింది.

“నా పిల్లని చంపిందెవరో చెప్పమ్మా. ఆ మనిషిని ఇక్కడే ముక్కలు చేసి నేను జైలుకి పోతా.”

అంతోని మూలుగు ఆగిపోయింది. కింద గేటు దగ్గర పోలీసు జీపు హారను మోగింది. ఆమె అతని కళ్ళల్లోకి చూసింది. విరిగిన పన్ను నాలుకకి గుచ్చుకుంటుండగా నోరు తెరిచింది.

“కింద పాత జర్నళ్ళ గదిలో ఉన్నాడు,” అంది.