పండేదో, కాయేదో

“రంగులు పోల్చుకోలేనివాళ్ల కోసం ఆట మార్చాలా? నా నలభై ఎనిమిదేళ్లలో అలాంటివాణ్ణి ఒక్కణ్ణి కూడా చూళ్లేదు, నెవెనా!” అన్నాడు స్టానిమిర్, కాఫీ కప్పు బల్ల మీద పెడుతూ.

బెల్‌గ్రేడ్‌లో ఆ చిన్న మొబైల్ గేముల కంపెనీకి ఆయనే యజమాని. ఆటలు అమ్మడమే తప్ప ఆడే అలవాటు లేదు మహానుభావుడికి. కొత్త ఆట సోమవారం విడుదల. పైనుంచి రాస్ప్‌బెర్రీలు జలజలా రాలుతుంటాయి. ఎర్రటి పండును నొక్కితే బుట్టలో పడుతుంది, పచ్చికాయను నొక్కితే బుట్టంతా నేలపాలు.

ఆ బొమ్మలు గీసింది నెవెనా. వాళ్లన్నకి ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయి. ఆడి చూడమంటే అరనిమిషంలో ఫోన్ తిరిగిచ్చేశాడు, నవ్వుతూనే. ఆ నవ్వు చూసి ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. “పండు మీద చుక్క పెడతాలే, నువ్వూ ఆడతావు” అని మాటిచ్చేసింది. ఇవాళ ఈయన ఒప్పుకోకపోతే ఆ మాట నీటిమూటే.

“రాస్ప్‌బెర్రీల గురించి నాకా చెప్తావ్? అరిల్యే ఊళ్లో మా నాయనమ్మ రాస్ప్‌బెర్రీ తోటలో పెరిగినవాణ్ణి! కోతకి మాత్రం దిగనిచ్చేది కాదు ముసల్ది. నా కండలు చూసి పెట్టెలు మోయించేది.”

“అయితే ఒక్క నిమిషం ఆడండి. రంగులు మా అన్నకి ఎలా కనిపిస్తాయో మీకూ అలాగే కనిపించేట్టు ఫోన్‌లో ఫిల్టర్ పెట్టి ఇస్తా. ముప్పై పళ్లు కోశారంటే నేనింక నోరెత్తను.”

“ముప్పయ్యేం ఖర్మ, యాభై! తే ఇలా!”

ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని గబగబా సెట్టింగులు సర్ది, ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

నెమ్మదిగా రాలినంతసేపూ నెగ్గుకొచ్చాడు. వేగం పెరిగిందో లేదో, మొదలైంది భాగోతం.

“ఇది పండేనా? ఛ! పోనీ ఇదో? ఓరి దీని దుంపతెగ, ఇదీ కాయే!”

ఆఫీసంతా ఎదురుగా చేరి, ఆయన మొహం చూస్తూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నిమిషం అయ్యేసరికి బుట్టలో ఏడు పళ్లు.

స్టానిమిర్ చెమట తుడుచుకున్నాడు. “పాపం మీ అన్న! అన్నీ ఒకటే బురద రంగు కదమ్మా! ఎలా నెట్టుకొస్తున్నాడో!”

“బాగానే ఉన్నాడండీ. చొక్కాలు మాత్రం మా వదిన ఎంచి పెడుతుంది.”

“అదో వింతా? నావీ మా ఆవిడే ఎంచుతుంది! చుక్కలు పెట్టెయ్. సోమవారానికే!”

నెవెనా గంతు వేసినంత పని చేసింది. అన్నకి ఫోన్ చేసేముందు ఆ ఫిల్టర్ తీసేద్దామని సెట్టింగులు తెరిచింది.

ఫిల్టర్ ఆఫ్‌లోనే ఉంది, కంగారులో తను దాన్ని వేయనేలేదు.