గురువారం శ్రోత

"ఆ కుర్చీలో కూర్చోకయ్యా. అది ఆయనది," అన్నాడు యజమాని.

కూర్చోబోతున్న సేల్స్‌మన్ సగంలోనే లేచి నిలబడ్డాడు.

పద్దెనిమిదేళ్లుగా ఆ ఆడియో షాపులో ఏ స్పీకరు మంచిదో, ఏది డొక్కో తేల్చేది అతనే. కస్టమర్లు అతన్ని 'చెవులాయన' అనేవాళ్లు. అతనికీ ఆ పేరంటే ముద్దే.

మూడేళ్ల కిందట యజమాని షాపు వెనక హై రిజల్యూషన్ ఆడియో గది పెట్టాడు. పాటని కుదించకుండా, రికార్డు చేసినప్పుడు ఎంతుందో అంతా వినిపించే పెద్ద పెద్ద ఫైళ్లు.

"మనిషి చెవికి ఆ తేడా తెలీదు సార్," అనేశాడు చెవులాయన. ఆర్నెల్లకి గది మూతపడింది.

ఇప్పుడు మళ్లీ తెరిచారు.

"ఒకసారి ఓడిందని పనికిరానిదైపోదు కదా. ఇంకో అవకాశం ఇచ్చి చూద్దాం," అన్నాడు యజమాని.

తెరిచిన వారానికే ఆ కుర్చీ పెద్దమనిషి ఊడిపడ్డాడు. ప్రతి గురువారం పొద్దున పదకొండింటికి వస్తాడు. ఒకే ఒక్క పియానో ఫైలు పెట్టించుకుంటాడు. కళ్లు మూసుకుని, ఆఖరి మీట మోగగానే చూపుడువేలు పైకెత్తుతాడు. ఆ మోత సన్నగిల్లి సన్నగిల్లి పూర్తిగా ఆగిపోయాక వేలు దించి, దండం పెట్టి వెళ్లిపోతాడు. ఒక్క వైరుముక్క కొన్న పాపాన పోలేదు.

"చూశావా? చెవంటే అదీ," అన్నాడు యజమాని గుసగుసగా.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అనలేదనుకున్నాడు చెవులాయన.

"కొత్త స్పీకర్లు వచ్చాయి. విని చెప్పనా సార్?"

"గురువారం దాకా ఆగు. ఆయన్ని కూడా ఓ మాట అడుగుదాం."

పద్దెనిమిదేళ్లలో ఎన్నడూ లేని మాట అది. రేపో మాపో ఈ గది ఆ మనిషి చేతిలో పెట్టేస్తారు, తను ముందు కౌంటర్లో ఇయర్‌ఫోన్లు అమ్ముకోవాలి. ఆ రాత్రి చెవులాయనకి అన్నం సయించలేదు.

గురువారం వచ్చింది. యజమాని ముందు గదిలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. చెవులాయన అదే పియానో పాటని బాగా కుదించిన చిన్న ఫైలు పట్టుకొచ్చి, దానికి ఆ పేరే తగిలించి పెట్టాడు.

ఆఖరి మీట మోగింది. పెద్దాయన వేలు లేచింది. అంతలోనే దిగిపోయింది.

"ఇంకోసారి పెడతావా బాబూ?"

పెట్టాడు. ఈసారీ వేలు తొందరగానే దిగింది.

"ఇది ఎప్పుడూ పెట్టే ఫైలేనా?"

"అదేనండి."

"మార్చలేదు కదా?"

"ఎందుకు మారుస్తానండీ?"

పెద్దాయన కాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు.

"అయితే సరే," అని లేచి, తలుపు దగ్గర ఆగి, "నీకు చాలా శ్రమిచ్చాను బాబూ," అన్నాడు.

చెవులాయనకి నవ్వు ఆగలేదు. దొంగ ఫైలు పెడితే పట్టుకోలేని చెవి కూడా ఒక చెవేనా?

తర్వాతి గురువారం పెద్దాయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు. చెవులాయన ఆ కుర్చీలో హాయిగా కూర్చున్నాడు.

ఇక దాచుకోలేకపోయాడు.

"మీరేమో ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. చిన్న ఫైలు పెట్టి అదేనంటే నమ్మేశాడు సార్. తేడా కనిపెట్టలేకపోయాడు."

యజమాని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏ ఫైలు పెట్టావు?"

చెప్పాడు.

"అందులో ఆ చివరి మోత సగంలోనే పోతుంది కదయ్యా."

"అదే కదా సార్ నేననేది. ఆ సంగతి ఆయనకి తెలియాలి కదా?"

"తెలిసింది కాబట్టే మళ్లీ పెట్టమన్నాడు. ఆయన పరీక్షించేది మన ఫైలుని కాదు, తన చెవుల్ని. మెల్లగా మందగిస్తాయని డాక్టరు చెప్పాడట. నలుగురికీ తెలిస్తే పనికి పిలవరని, ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు."

చెవులాయన కుర్చీలోంచి లేచాడు.

"ఫోన్ చెయ్యండి సార్. నేనే చెబుతాను."

"ఏమని చెబుతావు? అదే ఫైలని చెప్పిందీ నువ్వే. ఇప్పుడు కాదంటే, జాలిపడి అంటున్నామనుకుంటాడు."

"ఇంటికెళ్లి కాళ్లు పట్టుకుంటాను."

"ఇల్లు ఖాళీ చేసేశాడయ్యా," అన్నాడు యజమాని. "నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో ప్రతి పియానోకీ శ్రుతి చేసిన మనిషి, ఆ మోత చివరిదాకా వినబడినన్నాళ్లే పియానో ముట్టుకుంటానని తనకి తనే మాటిచ్చుకున్నవాడు, ఆ గురువారం సాయంత్రమే పనిముట్ల పెట్టె ఎవరికో ఇచ్చేసి వెళ్లిపోయాడు."