అంచు పక్క చోటు

గద్వాలలో చీకటి పడ్డాక పూర్ణిమ, ఎప్పటిలాగే, ఫోన్ పట్టుకుని డేటాబేస్ పని చేసేవాళ్ల వాట్సాప్ గ్రూపులో అడిగినవాళ్లకు జవాబులు చెబుతోంది. ఇంట్లో తనొక్కతే. పక్కగదిలో నాన్న మగ్గం. ఆయన పోయిన నాటి నుంచి సగం నేసిన చీర దాని మీదే ఉంది.

బిజినేపల్లిలో విత్తనాల కొట్టు కంప్యూటర్ చూసుకునే ఈదన్న, రైతుల వివరాలన్నీ పొరపాటున చెరిపేశానని, పాత బ్యాకప్ ఒకటి ఉందని రాశాడు.

పూర్ణిమ వాయిస్ పంపింది. "పరేషాన్ గాకన్నా. ఉన్నదాని మీద రీస్టోర్ చెయ్యకు. వేరే పేరుతోని కొత్త డేటాబేస్ తెరిచి, బ్యాకప్ అండ్ల ఎక్కియ్యి."

కాసేపటికి అతని వాయిస్ వచ్చింది. "పాతదంతా తిరిగొచ్చింది చెల్లె! గని మీ ఇంట్ల ఎవరు నేస్తుండ్రు? నీ మాట ఎన్క మగ్గం సప్పుడు ఇనొచ్చింది."

ఆమె తన వాయిస్‌ను మళ్లీ పెట్టి విన్నది. నిజమే. మాటల చివర, పోగును బిగించే పలక దెబ్బ ఒక్కటి. ఆ తర్వాత ఏమీ లేదు.

ఎందుకు ఆగిందో ఆమెకు తెలుసు. గద్వాల చీర ఒక్కరితో అయ్యేది కాదు. అంచు పక్కన కూర్చున్నవాళ్లు అంచు పోగు ఉన్న తమ నాడెను అడ్డంగా విసిరేదాకా నేసేవాడు పలక దెబ్బ వెయ్యకుండా ఆగాలి. చిన్నప్పటి నుంచీ నాన్నకు అంచు పక్క కూర్చున్నది తనే.

ఫోన్ పక్కన పెట్టింది. ఇల్లంతా నిశ్శబ్దం.

ఒళ్లో ఉన్న ఆమె చెయ్యి, పాత అలవాటు కొద్దీ, నాడె విసిరినట్టు కదిలింది.

పక్కగదిలో పలక దెబ్బ పడింది.