శారదమ్మ చెప్పిన సినిమా

ఆత్మకూర్ బడి ముందు తెల్లదుప్పటి కట్టి, ఖుద్దూస్ తాత చేత్తో తిప్పే పాత మిషన్‌తో మూకీ సినిమా వేస్తున్నాడు. తెరమీద రాజు ఎండలో నేలమీద పడి చనిపోతుంటే అందరూ కళ్లు తుడుచుకుంటున్నారు. శారదమ్మ మాత్రం పకపకా నవ్వింది.

ఆమెకు చెవులు వినబడవు. పెదవులు చూసి మాటలు పట్టేస్తుంది.

"ఎందుకత్తా నవ్వుతున్నవ్?" ఎదురుగా వంగి అడిగింది కోడలు హారిక.

"రాజు 'వీపు కాలుతాంది, జల్ది ఏడ్వుండ్రి' అంటుండు!"

జనం విరగబడి నవ్వారు. "రాణేమంటాంది పెద్దమ్మా?" అంటూ చుట్టూ చేరారు. ఇంట్లో అన్నానికి పిలవడానికి తప్ప ఆమెనెవరూ పలకరించరు. ఇప్పుడామె మొహం వెలిగిపోతోంది.

"గా మంత్రి ఆకలైతాందంటుండు."

హారిక తెర చూసింది. మంత్రి అటు తిరిగి నిలబడ్డాడు. మూతే కనబడటం లేదు.

కోడలి చూపు గమనించి శారదమ్మ బిక్కమొహం వేసింది.

హారిక ఆమె పక్కకు జరిగి, మొహం ఆమె వైపు తిప్పి, అందరికీ వినబడేలా అడిగింది.

"ఇంకేమంటుండత్తా మంత్రి?"