పాత అడ్రస్ పలికింది

చంపింది మీరే, మేనేజర్ గారూ! సర్వర్ గది తలుపు తీసే కార్డుల వివరాలన్నీ ఆ వర్చువల్ స్టోరేజ్ సర్వర్‌లోనే ఉన్నాయని, దాని నెట్‌వర్క్ అడ్రస్ మారిస్తే తలుపు బిగుసుకుపోతుందని మీకు తెలుసు. పోయినేడు అడ్రస్ మార్చే పనికి మీరు పంపినవాడు లోపలే చిక్కుకుపోయి, మంటలార్పే గ్యాస్ లీకై ఊపిరాడక చచ్చాడు. తలుపు సంగతి మీరు దాచేశారు. ఈ రాత్రి అదే పనికి అతని బామ్మర్దిని పంపారు.

బామ్మర్ది లోపల ఒక్కడే కూర్చుని స్క్రిప్ట్ నడిపాడు. అడ్రస్ మారింది. వెనక తలుపు టక్కుమంది. అలవాటు కొద్దీ, అక్కడ ఇంకా ఏదైనా ఉందేమో చూడ్డానికి పాత అడ్రస్‌ని పింగ్ చేశాడు. పలకకూడదు. పలికింది.

"ఎవడ్రా నువ్వు?" అని నవ్వుతూ ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ కేబుల్ పీకేశాడు. వైఫై కూడా లేని గది. అయినా పలుకుతూనే ఉంది.

అతని నవ్వు ఆగిపోయింది. వెళ్లి తలుపు లాగాడు. రాలేదు. మీకు ఫోన్ చేశాడు.

"సార్, తలుపు రావట్లేదు. అక్క ఇంకా ఏడుస్తూనే ఉంది సార్, నన్నూ ఇక్కడే..."

"పొద్దున చూద్దాంలే. మీ బావలా కంగారుపడకు," అని పెట్టేశారు.

పైన గ్యాస్ పైపు బుస్సుమంది. మెషీన్ల వెనక నుంచి ఎవరో మెల్లగా దగ్గారు.

"ఏం బామ్మర్దీ, నిన్నూ పంపారా?"

కార్డు పనిచేయకపోయినా ఆ తలుపు తీసే తాళంచెవి మీ సొరుగులోనే ఉంది. లోపల ఇద్దరు మాట్లాడుకుంటున్నారు, వాళ్లలో ఒకడికింకా ఊపిరుంది. లేవండి! వచ్చి తలుపు తీయండి, ఇప్పుడే!