రెండో బేరగాడు

లారీ పోయింది. ఎర్ర కారు మీద మళ్ళీ దుమ్ము పడింది.

మునీంద్ర విసుక్కోలేదు. తల్లి కట్టి విడిచిన నేతచీర ముక్క తీసుకుని, పసిబిడ్డ మూతి తుడిచినంత మెత్తగా బానెట్ తుడిచాడు.

ఓర్వకల్లు దగ్గర, రోడ్డు పక్కన అతని వెల్డింగు షెడ్డు. దాని ముందు ఆ కారు నేలకు కరుచుకుని ఉంది. ఎవరు చూసినా విదేశాల్లో పందేలకు పోయే కారే అనుకుంటారు. లోపల పాత కారు ఇంజిను. పైన మునీంద్ర పోసిన ఫైబరు ఒళ్ళు. తలుపులు పక్కకు కాదు, పైకి తెరుచుకుంటాయి. అవి గాలిలో అట్లా నిలబడడానికే ఒక వేసవి పట్టింది.

దారిన పోయేవాళ్ళు ఆగుతారు. ఫోటో తీసుకుంటారు. పోతూ పోతూ "డూప్లికేటే గదా" అంటారు.

ఆ ఒక్క మాట అతనికి రాత్రిళ్ళు కూడా వినిపిస్తుంది.

ఈరోజు కారు అమ్ముడుపోతే ఇంకోటి మొదలుపెడతాడు. పోకపోతే రేపటినుంచి మళ్ళీ ట్రాక్టర్ ట్రాలీలే. భార్య అరుణజ్యోతికి మాటిచ్చాడు.

"ఇంకొక్కసారి స్టార్ట్ చేయ్, విందాం," అంది అరుణజ్యోతి. ఆమెకూ కాలు నిలవడం లేదు.

కారు గర్జించింది. షెడ్డు రేకులు అదిరాయి. ఇద్దరూ నవ్వుకున్నారు.

మంగంపేట ముగ్గురాయి గనుల ఆసామి కొడుకు భూపేష్ వస్తున్నాడు, కారు చూడడానికి. అతనొక్కడే వస్తే ధర పలకదని, ఎద్దుల సంతల్లో బేరాలు కుదిర్చే లింగన్న ముందే హెచ్చరించాడు.

"ఒక్కడే చూస్తాంటే ఎంత మంచి ఎద్దుకైనా పండ్లు బాగలేవంటాడప్పా. పక్కన ఇంకోడు నిలబడితే నోరు మూసుకోని కొంటాడు. బద్వేలు నుంచి మనోన్ని ఒకన్ని పంపిస్తాలే. ధర ఎక్కిస్తాడు, టయానికి జారుకుంటాడు."

ఎండ ఎక్కుతుండగా బస్సు దిగి ఒకాయన నేరుగా కారు దగ్గరకు నడిచాడు. యాభై దాటిన మనిషి. నలిగిన చొక్కా, చంకలో సంచి. కారు ముందు నిలబడి, పిలిచినా వినపడనంతగా దాన్నే చూస్తున్నాడు.

మునీంద్ర పరుగున వెళ్ళాడు.

"వచ్చినావా? నీ కోసరమే చూస్తాండా. లింగన్న అంతా చెప్పినాడు గదా?"

"ఏ లింగన్న? నేను ఫోన్లో ఈ కారు వీడియో చూసి వచ్చినాప్పా."

మునీంద్ర పకపకా నవ్వి ఆయన వీపు తట్టాడు.

"శభాష్. ఎవరడిగినా ఇదే చెప్పు."

ఆయన ఏదో అడగబోయాడు. అంతలో అరుణజ్యోతి తలుపు పైకెత్తింది. ఆయన అడగవలసింది మరిచిపోయాడు.

కారు చుట్టూ తిరిగాడు. నేల మీద పడుకుని, కిందికి చెయ్యి పోనిచ్చి అతుకులు వేలితో తడిమాడు. లేచి, వీపుకంటిన మట్టి కూడా దులుపుకోలేదు.

"ఫైబరు నువ్వే పోసినావా?"

"నేనే."

"అచ్చు?"

"అదీ నేనే. మట్టితో చేసుకున్యా."

ఆయన బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు.

"అసలు కారు యాడనో వందమంది కలిసి చేసింటారు. దీన్ని ఒక్కడు చేసినాడు."

మునీంద్ర ఆయన వైపు తిరిగాడు. రెండేళ్ళుగా ఎవరి నోటనైనా వినాలనుకున్న మాట అది. కళ్ళు తడవబోయాయి. మరుక్షణమే తేరుకున్నాడు. లింగన్న భలే నేర్పించి పంపాడు, అనుకున్నాడు.

భూపేష్ స్నేహితులతో పెద్ద బండిలో దిగాడు. కారుకు ఆనుకుని సెల్ఫీలు తీసుకున్నాడు. తలుపు పదే పదే ఎత్తి దించాడు.

"మా చెల్లెలు పెండ్లిలో ఊరేగింపుకు బాగుంటాది. ఎంతకిస్తావు?"

మునీంద్ర చెప్పాడు. భూపేష్ నవ్వి, సగానికి అడిగాడు.

"ఆయన చెప్పిన ధరకు నేను తీసుకుంటా," అన్నాడు పెద్దాయన.

మునీంద్ర గుండె గంతేసింది. భూపేష్ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసి, ఆ ధర మీద ఇంకొంచెం వేశాడు.

పెద్దాయన దాని మీద వేశాడు. భూపేష్ పళ్ళు కొరుకుతూ ఇంకా పెంచాడు.

ఇంక చాలు. మునీంద్ర దగ్గాడు. కన్ను కొట్టాడు.

పెద్దాయన ఇంకో మెట్టెక్కాడు.

మునీంద్ర ఆయన కాలు తొక్కాడు.

"నా కాలు తొక్కుతాండావప్పా," అన్నాడాయన, కాలు పక్కకు తీసుకుంటూ.

భూపేష్ నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"బస్సుల్లో తిరిగేటోనితో పోటీకా నన్ను పిలిపించింది? ఆయనకే కట్టబెట్టు పో."

బండి తిరిగి వెళ్ళిపోయింది. మునీంద్ర ఎంత దూరం వెంట పరుగెత్తినా ఆగలేదు.

వగరుస్తూ తిరిగొచ్చాడు.

"ఎక్కించమన్నారు సరే. దిగేది తెలీదా నీకు?"

"నేను యాడికి దిగాల? నాకు ఈ కారు కావాల."

"వాళ్ళు పోయినారు. ఇంక ఆపు నాటకం."

"నాటకమేందప్పా? ఇదో, ఈ సంచిలో..."

"సంచి తీసుకోని బస్సెక్కు. నీ గోడేందో లింగన్నకు చెప్పుకో పో."

ఆయన ముఖం చిన్నబోయింది. కారు తలుపు ఇంకా పైకి లేచే ఉంది. రెండు చేతులా పట్టుకుని, చప్పుడు కాకుండా దించాడు. రోడ్డు దాటి, వచ్చిన బస్సెక్కి వెళ్ళిపోయాడు.

అరుణజ్యోతి ఆ బస్సు వైపే చూస్తూ నిలబడింది.

"నటించేటోడైతే తలుపు అట్ల దించుతాడా?"

"లింగన్న మనిషి కదా, అన్నీ నేర్చుకోనే వస్తాడు," అన్నాడు మునీంద్ర, కారు వైపు చూడకుండా.

ఫోన్ మోగింది. లింగన్నే. మునీంద్ర తిట్టడానికి నోరు తెరిచేలోగా అవతలి గొంతు బతిమాలుకుంది.

"ఏమనుకోవద్దప్పా, మనోనికి పొద్దున బస్సు తప్పిపోయిందంట, ఇంకా బద్వేల్లోనే ఉండాడు."