మొగ దగ్గర పాట

తెల్లవారుజామున నాలుగున్నరకి ఒడ్డున మైకు మొదలైంది.

"ఈ ముసలోడి మైకు మండ!" అంటూ అరుణ దుప్పటి విసిరికొట్టి లేచింది.

అదే పాట. రోజూ అదే పాత సినిమా పాట.

సోనేపూర్‌కి కాపురానికొచ్చి మూడు నెలలైంది. అంతకుముందు, ఆరేళ్ళప్పటి నుంచీ సముద్రానికి దూరంగా భంజనగర్‌లో, మేనమామ ఇంట్లో పెరిగింది. ఇక్కడ ఇల్లు నచ్చింది, మొగుడు జగ్గన్న నచ్చాడు, చేపల వాసన కూడా అలవాటైపోయింది. ఆ పాట ఒక్కటే ఒంటికి పడలేదు.

అది వాళ్ళ నాన్న కొండబాబుకి ప్రాణమైన పాట.

హీరోయిన్ పేరు వచ్చే చోట 'అరుణా' అని కూతురి పేరు పెట్టి పాడేవాడాయన. ఆరేళ్ళ అరుణ ఎగిరి గంతులేసేది. ఒకరోజు దానికి జ్వరం. వెళ్ళొద్దని ఏడ్చింది. అయినా ఆయన గంజాం ఒడ్డున ఆ పాటే పాడుకుంటూ పడవెక్కాడు. మళ్ళీ రాలేదు. ఏమైందని ఎన్నిసార్లు అడిగినా "సముద్రం తీసుకుపోయింది" అన్న ముక్క తప్ప అమ్మ ఇంకేమీ చెప్పలేదు.

పాట మీదున్న ప్రేమ నా మీద లేకపోయింది కదా అని అరుణ కోపం. ఇరవై ఏళ్ళయినా ఆ కోపం చల్లారలేదు.

విసవిసా ఒడ్డుకి వెళ్ళింది. వెదురుకర్రకి కట్టిన మైకు, కింద బ్యాటరీ, పక్కన దాలయ్య. ఎక్కడి నుంచో వచ్చి రెండేళ్ళుగా ఇక్కడే పాక వేసుకుని ఉంటున్నాడు.

"తాతా! ఆపుతావా, ఆపవా?"

"పడవలొచ్చీదాకా ఓపికపట్టు తల్లీ."

"పడవలకి పాటలేటి? ఆళ్ళేటైనా పెళ్ళికెల్లొస్తన్నారా?"

దాలయ్య నవ్వాడు. ఆ నవ్వుకి ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"పోనీ ఇంకో పాటెయ్యి. లోకంలో ఇదొక్కటే ఉందేటి?"

"ఇది నా పాట కాదు తల్లీ. ఒకాయనది. నాను మార్సలేను."

"ఎవుడిదైతే నాకేటి!"

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ మొగుడి మీద విరుచుకుపడింది.

"వారం వారం ఆ కర్ర పీకి పాతి, పీకి పాతి, ఇప్పుడు సరిగ్గా మన గుమ్మానికెదురుగా తెచ్చి పెట్టాడు. నా మీద కచ్చ కాకపోతే ఏటిది?"

"ఊరుకోవే. పెద్దాయన," అన్నాడు జగ్గన్న. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

ఆ అర్ధరాత్రి జగ్గన్న వేటకి వెళ్ళగానే అరుణ కత్తిపీట పట్టుకుని ఒడ్డుకి వెళ్ళింది. దాలయ్య పాకలో నిద్రపోతున్నాడు. మైకు వైరుని ఒక చోట కాదు, నాలుగు చోట్ల కోసింది. ఇంటికొచ్చి హాయిగా ముసుగుతన్ని పడుకుంది.

మెలకువ వచ్చేసరికి బయట మంచు కమ్మేసింది. చాచిన చెయ్యి కనపడటం లేదు.

ఆ మంచులోంచి గొంతు వినిపించింది. బొంగురు గొంతు. అదే పాట.

"ఓలమ్మో! వైరు కోస్తే గొంతెత్తుకున్నాడా! ఈడి పొగరు పాడుగాను!"

తలుపులు ధడాలున వేసింది. కిటికీలు మూసింది. అదీ చాలక టీవీ పెట్టి సౌండు పెంచింది. పాడుకో, గొంతు పగిలేదాకా పాడుకో అనుకుంటూ గిన్నెలు ఎత్తి కుదేసింది.

తొమ్మిదింటికి జగ్గన్న వచ్చాడు. తడిబట్టలతోనే గుమ్మంలో కూలబడ్డాడు.

"ఏటలా ఉన్నావు?"

"దాలయ్య పోనాడే."

అరుణ టీవీ కట్టేసింది.

"మంచులో మొగ కనపడలేదు. ఫోన్లో మేపు సూస్తే ఒడ్డు కనిపిస్తాది గానీ, నది సముద్రంలో కలిసీ ఆ మొగకాడ ఇసక తిన్నెలు కనపడవు. వారానికోపాలి దారి మారిపోతాది. ఆయన దారికి ఎదురుగా కర్ర పాతి పాటెడితే, దాని మీదకే పడవలు తిప్పుకొచ్చీవోళ్ళం. ఈయేళ మైకు మోగలేదు. రొమ్ముల్లోతు నీళ్ళల్లో నిలబడి రెండు గంటలు పాడాడే. ఏడు పడవలూ వచ్చీసాయి. ఆఖరు పడవ మాదే. మేం దిగీసరికి పడిపోనాడు. ఆటోలో ఏసి బరంపురం ఆస్పత్రికి బయల్దేరాం. ఊరి పొలిమేర దాటలేదు..."

"ఈ ముక్క నాకు ముందే సెప్పొద్దా!" అరుణ గొంతు చించుకుని అరిచింది. "ఊరుకోవే, ఊరుకోవే అంటే సాలా? నోరు పడిపోనాదా నీకు?"

"సముద్రం బయం ఇంట్లో ఆడోళ్ళకాడ ఎత్తకూడదు గదే. మా ఇళ్ళల్లో ఎవులూ ఎత్తరు."

మొగుడి మీద, తన మీద, ఆ కత్తిపీట మీద కోపంతో చేతికందిన గిన్నె నేలకేసి కొట్టింది.

"ఎవరాయన? ఎక్కడోడు?"

"గంజాం వైపోడు. ఇరవయ్యేళ్ళ కితం మంచులో ఆళ్ళ పడవ బోల్తా కొట్టిందంట. ఒడ్డు ఎటో తెలీక కొట్టుకుంటంటే, కూడా ఉన్నోడొకడు ఇసక తిన్నె మీద నిలబడి పాటెత్తుకున్నాడంట. ఆ గొంతు పట్టుకుని ఈయన ఈదుకొచ్చి బతికాడు. పోటు పెరిగి తిన్నె మునిగిపోనాది, ఆ పాడినోడు మాత్రం రాలేదంట."

అరుణ గుమ్మంలోకొచ్చి ఒడ్డుకేసి చూసింది.

"పాపం, పాట కూడా సరిగ్గా రాదే ఆయనకి," అన్నాడు జగ్గన్న తడి తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ. "హీరోయిన్ పేరొచ్చిన కాడల్లా, 'అరుణా' అని నీ పేరెట్టి పాడాడు."